చెడుగాలిలో ఆకుల ఓర్పు

సంక్రాంతి వెళ్లినది మొదలు ఉగాది వచ్చువరకు ప్రతి ఆదివారమును కొమురవెల్లి మల్లన్న గుట్టకు జనము తరలివచ్చుట తెలంగాణమున తరతరములుగా సాగుచున్న ఆచారము. పట్నం వారమని, లష్కర్ వారమని వారములకే పేర్లు పెట్టుకొని హైదరాబాదు, సికింద్రాబాదుల వారు వచ్చుదురు. గొల్లలు, కురుమలు తమ కులదైవమని వచ్చుదురు. ఒగ్గువారు పట్నము వేసి కథ చెప్పుదురు. బండారు పసుపు నొసట పూసుకొననివాడు ఆ గుట్టమీద కానరాడు. పూర్వము బండ్లు కట్టుకొని వచ్చిన ఆ జనమే నేడు రాజీవ్ రహదారి మీదుగా బస్సులలో, కార్లలో, ట్రాక్టర్లలో, ఆటోలలో వచ్చుచుండుటచేత, ఏడాదిలో వాన చినుకు అరుదైన ఆ నెలలలోనే గుట్టచుట్టు బాటలపై పొగయు దుమ్మును మిక్కుటముగా లేచుచున్నవి. మనుష్యుడు ముక్కునకు గుడ్డ కట్టుకొని, దర్శనము ముగించుకొని, సాయంత్రమునకు ఇల్లు చేరును. బాటప్రక్కనున్న వేపయు, కానుగయు, సీతాఫలమును, తంగేడును కదలిపోవు అవకాశము లేనివి. గాలి ఎట్టిదైనను ఆ గాలినే పీల్చి, ఆ గాలినుండియే అన్నము వండుకొనవలసినవి.

ఒకే బాటప్రక్కన, ఒకే పొగలో నిలిచిన రెండు చెట్లలో ఒకటి పచ్చగా నుండగా, రెండవది అంచులు మాడి, అకాలమున ఆకు రాల్చి చిక్కిపోవుట యెందువలన? ఈ ప్రశ్నను గూర్చి నూటయేబది యేండ్లకు పైగా రసాయనజ్ఞులును, వృక్షశాస్త్రజ్ఞులును చేసిన విచారణ చాల విస్తృతమైనది. దాని సారమును, మన ప్రాంతపు చెట్లను, మన ప్రాంతపు గాలిని దృష్టియందుంచుకొని పరిశీలించుట ఈ వ్యాసమునకు ఉద్దేశము.

ముందుగా ఆకు స్వభావమును తెలిసికొనవలెను. గాలిలో బొగ్గుపులుసు వాయువు పదివేల పాళ్లకు నాలుగు పాళ్లకంటె కొంచెము మాత్రమే అధికము. ఇంత పలుచనైన పదార్థమునుండి చెట్టు తన దేహమునంతయు కట్టుకొనవలసి యున్నది గనుక ఆకు అపారమైన గాలిని తనలోనికి రానీయక తప్పదు. అందులకై దాని చర్మమున చదరపు మిల్లీమీటరునకు వందల సంఖ్యలో పత్రరంధ్రములు కలవు. ఒక్కొక్క రంధ్రమునకు ఇరువైపుల రెండు రక్షక కణములు నిలిచి, నీరు నిండినప్పుడు ఉబ్బి తెరచుచు, నీరు తగ్గినప్పుడు వాడి మూయుచు నుండును. రంధ్రము దాటి లోనికి పోయినచో తడిసిన కణకుడ్యములతో కూడిన గాలి అరలు, వాని వైశాల్యము ఆకు పైవైశాల్యమునకు ఎన్నియో రెట్లు. వాయువు అచ్చటి తడిలో కరగి కణములోనికి పోవును. అన్నము వచ్చు వాకిలి ఇది. విషము వచ్చు వాకిలియు ఇదియే. గంధకపు వాయువు నీటిలో బొగ్గుపులుసు వాయువుకంటె ఎన్నియో రెట్లు సులభముగా కరగును గనుక, తలుపు తెరచినంతనే అక్కరలేని అతిథియే ముందుగా లోనికి పోవుచున్నాడు. తలుపు మూసికొన్నచో విషము రాదు, అన్నమును రాదు. చెట్ల ఓర్పును గూర్చి చెప్పవలసిన సంగతులన్నియు ఈ ఒక్క చిక్కుముడిని ఏ చెట్టు ఏ విధముగా విప్పుకొన్నదన్న దానిపైననే ఆధారపడియున్నవి. ఓర్పు ఎచ్చటనైనను వెల ఇచ్చి కొనవలసినదే గాని ఊరక దొరకునది కాదు.

కొమురవెల్లి వంటి చోట మొదట ఎన్నదగినది దుమ్ము. జనవరి చివర బాట అంచున నున్న సీతాఫలపు కొమ్మనుండి ఒక ఆకు కోసి అరచేతిలో పెట్టుకొని చూడుడు. పైవైపున నడిఈనె వెంబడి, ప్రక్కఈనెలు దానిని కలియు మూలలందు, ధూళి గీతలు గీతలుగా పేరుకొని యుండును. తక్కిన భాగమున పలుచగా, బూడిదరంగున పరచుకొని యుండును. తడిగుడ్డతో సగము తుడిచిన యెడల, తుడిచిన సగమునకు తుడువని సగమునకు గల భేదము చూపరికి విస్మయము కలిగించును. ఆకును తిరగవేసి చూచినచో అడుగువైపు చాలవరకు శుభ్రముగనే కనబడును. ఈ చిన్న పరీక్ష ఒక సాధారణాభిప్రాయమును సవరించుచున్నది. దుమ్ము పడుటచే పత్రరంధ్రములు పూడిపోయి చెట్టు ఊపిరాడక చచ్చునని తరచుగా వ్రాయుచుందురు. మామిడి, మర్రి, గన్నేరు మొదలగు మన చెట్లలో చాలవానికి రంధ్రములు అడుగువైపుననే యుండును గనుక, పైబడిన ముతక దుమ్ము వానిని పూడ్చుట అల్పము. అది చేయు ప్రధానమైన కీడు వేరు: ఎండను అడ్డగించి కిరణజన్య సంయోగక్రియను తగ్గించుట, వేడిని పట్టి ఉంచి ఆకును అధికముగా కాచుట, ఆ వేడిచే నీటి వ్యయమును పెంచుట. వరి, జొన్న వంటి గడ్డిజాతి పైరులకు ఇరువైపుల రంధ్రములుండుటచే వాని గతి వేరు. మిక్కిలి సన్నని పొగకణములు, మిల్లీమీటరులో వెయ్యవ వంతుకు రెండు మూడింతలు మించనివి, రంధ్రములలో దూరగలవు. డీజిలు పొగలో నుండునవి ఇట్టివే.

దుమ్మన్నది ఒక్క పదార్థము కాదు. గుట్టల రాతిని పిండిచేయు క్రషర్లనుండి లేచునది గ్రానైటు ధూళి. రసాయనికముగ అది చాలవరకు నిర్వికారము, ఎండకు అడ్డమగుటయే దాని నేరము. సిమెంటు ధూళి అట్టిది కాదు. మంచు పడిన తెల్లవారుజామున అది ఆకుపైననే తడిసి, గట్టిపడి పెచ్చు కట్టును. దానిలోని సున్నపు క్షారము మైనపుపొరను కొరికి క్రింది కణములను చంపును. పెచ్చు గాలికి రాలదు, చిన్న వానకు కరగదు. రాజీవ్ రహదారినే ఉత్తరముగా పట్టుకొని పోయినచో బసంత్‌నగర్, ఇంకను ముందునకు మంచిర్యాల సిమెంటు తయారగు చోట్లు గనుక, ఒకే బాట వెంట రెండు జాతుల దుమ్మును పోల్చి చూచు అవకాశము వృక్షశాస్త్ర విద్యార్థులకు గలదు. దుమ్మునకు మరియొక పరోక్షదోషము కలదు: బాట అంచు పత్తిచేలలో ఎర్రనల్లి వృద్ధి యగుటకు దుమ్ము తోడ్పడును, నల్లిని తిను మిత్రకీటకములు దుమ్ములో మనజాలకపోవుట అందులకొక కారణము.

ఇక వాయువుల విషయము. వీనిలో చిరకాలముగా పరీక్షింపబడినది గంధకపు వాయువు, అనగా సల్ఫర్ డయాక్సైడ్. 19వ శతాబ్దమున జర్మనీలోని సాక్సనీ సీమలో లోహము కరగించు కొలుముల పొగచే అడవులు ఎండుటను చూచి తరాంట్ అటవీ విద్యాలయపు రసాయనజ్ఞుడు ష్టోక్‌హార్ట్ ఈ విచారణకు నాంది పలికెను. 1866లో నైలాండర్ అను పండితుడు పారిస్ నగరమున లక్సెంబర్గ్ ఉద్యానమునందు సమృద్ధిగా నున్న రాతిపూలు (లైకెన్లు) తక్కిన నగరమున కానరాకుండుటను గమనించి, గాలి మంచిచెడ్డలకు అవి కొలమానములని చెప్పెను. ఈ వాయువు ఆకులోని తడిలో కరగి సల్ఫైటుగా మారును. సల్ఫైటు తీవ్రవిషము, కాని కణము దానిని మెల్లగా సల్ఫేటుగా మార్చుకొనగలదు, సల్ఫేటు దానికంటె ఎంతయో సౌమ్యము, పైగా చెట్టునకు కొంతవరకు ఎరువు. కావున హాని కలుగుట కలుగకపోవుట వచ్చిన విషపు మొత్తముపై గాక, వచ్చు వేగమునకు మార్చుకొను వేగమునకు మధ్య జరుగు పరుగుపై ఆధారపడియుండును. కొద్దికొద్దిగా ఏడాది పొడుగునను వచ్చిన వాయువును సహించిన చెట్టు, అంతే మొత్తము ఒక్క ఉదయమున వచ్చినచో ఆకు మాడ్చుకొనుట ఇందువలననే.

పరుగులో విషము గెలిచినప్పుడు మొదట చెడునది పత్రహరితము. దాని అణువు నడుమ ఒక మెగ్నీషియము పరమాణువు ఉండును. ఆమ్లత పెరిగినప్పుడు అది తొలగి, దాని స్థానమున హైడ్రోజను చేరి, పచ్చనిది ఫియోఫైటిన్ అను గోధుమవర్ణపు పదార్థమగును. 1966లో డి.ఎన్. రావు, లెబ్లాంక్ అను శాస్త్రజ్ఞులు రాతిపూలలోని శైవలములపై గంధకపు వాయువును ప్రయోగించి ఈ మార్పును చూపిరి. కంటికి కనబడు లక్షణము తేటయైనది: ఈనెలు పచ్చగనే యుండి, ఈనెకు ఈనెకు నడుమనున్న భాగము దంతవర్ణమునకో, గోధుమరంగునకో తిరిగి ఎండును.

రాజీవ్ రహదారి మీదనే యున్న రామగుండమున 1983 నుండి విద్యుత్తు ఉత్పత్తి చేయుచున్న జాతీయ తాపవిద్యుత్ కేంద్రము 2600 మెగావాట్ల సామర్థ్యము గలది. మన దేశపు బొగ్గులో గంధకము తక్కువ, సాధారణముగ నూటికి అరపాలు ప్రాంతము. బూడిద మాత్రము మిక్కిలి అధికము, నూటికి ముప్పదికి మించినది. అందువలన ఐరోపా గ్రంథములలోని గంధకపు గాయముల వర్ణనలను యథాతథముగా మన ప్రాంతమునకు అన్వయించుట పొరపాటు. మనకు బూడిదయు ధూళియు గంధకమునకు ముందు నడచుచున్నవి. 2009లో కేంద్ర ప్రభుత్వము ప్రకటించిన గాలి ప్రమాణములు ఈ వాయువునకు సాలుసరి ఘనమీటరునకు 50 మైక్రోగ్రాములు హద్దుగా నిర్ణయించి, పర్యావరణ దృష్ట్యా సున్నితములని గుర్తింపబడిన ప్రాంతములకు 20 మాత్రమే అనుమతించినవి. చెట్టు మనిషికంటె సుకుమారము కావచ్చునని చట్టము ఒప్పుకొన్న చోటు ఇదియని నా అభిప్రాయము.

ఫ్లోరైడు సంగతి క్లుప్తముగా చెప్పవచ్చును. ఇటుకబట్టీలు, ఫాస్ఫేటు ఎరువుల కర్మాగారములు, అల్యూమినియము కొలుములు దానికి పుట్టిళ్లు. లోనికి వచ్చిన ఫ్లోరైడు నీటి ప్రవాహముతో పాటు సాగి ఆకు కొసకు, అంచులకు చేరి, నీరు ఆవిరియై పోగా అచ్చటనే పోగుపడును. కాబట్టి కొస మాడుట, మాడిన భాగమునకు పచ్చని భాగమునకు మధ్య ఎఱ్ఱని సన్నని గీత యేర్పడుట దాని గుర్తు. ఇటుకబట్టీల పొగ మామిడికి చేయు మరియొక కీడు ఉత్తరభారతమున నూరేండ్లుగా ప్రసిద్ధము: కాయ మొన నల్లబడి గట్టిపడును, ఆ రోగమునకు నల్లమొన అనియే పేరు. పూతకాలమునకు ముందుగా బట్టీలను ఆర్పుట, బోరాక్సు ద్రావణమును చల్లుట దానికి చెప్పబడిన ఉపాయములు. మామిడితోటల నడుమ బట్టీలు పెట్టువారు ఈ మాట తెలిసికొనవలెను.

ఓజోను విషయము ఇంత సులభముగా దాటిపోదగినది కాదు. ఏలయన నేటి పల్లెపైరులకు గాలివలన కలుగుచున్న నష్టములలో అధికభాగము దానిదే. 1944 ప్రాంతమున లాస్ ఏంజిలిస్ నగర సమీపపు ఆకుకూరల తోటలలో ఆకు అడుగుభాగము వెండిపూత పూసినట్లగుట చూచి రైతులు బెంబేలు పడిరి. అది గంధకము కాదు, తెగులు కాదు. తరువాతి దశాబ్దమున హాగన్‌స్మిట్ అను రసాయనజ్ఞుడు, వాహనముల పొగపై ఎండ పడినప్పుడు గాలియందే నూతన విషములు పుట్టుచున్నవని కనుగొనెను. ఆ విషములలో ముఖ్యమైనది ఓజోను. ఇది ఏ గొట్టమునుండియు వెలువడదు. నైట్రోజను ఆక్సైడులు, ఇంధనపు ఆవిరులు, ఎండ కలిసినప్పుడు పుట్టును. పుట్టిన ఓజోనును నగరమధ్యమున క్రొత్తపొగలోని నైట్రిక్ ఆక్సైడు మ్రింగివేయును. నగరము దాటి గాలివాలున సాగిపోయినప్పుడు మ్రింగువారు తగ్గి, ఓజోను నిలిచిపోవును. కావున పొగను పుట్టించిన వీథిలోకంటె పొగ ఎరుగని చేనిలో ఓజోను అధికముగా నుండుట సాధారణము. హైదరాబాదు వంటి మహానగరము నూరు కిలోమీటర్ల లోపుననున్న సిద్దిపేట జిల్లావంటి సేద్యపు సీమకు ఇది ఆలోచింపదగిన విషయము. వరికోతల అనంతరము గడ్డికి నిప్పు పెట్టు అలవాటు ఓజోనునకు కావలసిన ముడిపదార్థమును పొలములోనే సిద్ధము చేయుచున్నది.

ఓజోను ఆకుపై చేయు గుర్తు కూడ విలక్షణము. పైవైపునకు చేరువనున్న స్తంభకణములు గుంపులు గుంపులుగా చచ్చుటచే పైచర్మమున సూదిమొనల వంటి తెల్లని, లేక గోధుమరంగు చుక్కలు పుట్టును. పొగాకున ఈ చుక్కలను వాతావరణ దోషమని ఏండ్లతరబడి అనుకొని, 1959లో ఓజోను పనియని నిశ్చయించిరి. కాని చుక్కలే నష్టము కావు. చుక్క ఒక్కటియైనను కనబడకయే, ఆకు ముందుగా ముదిరి, ఆహారము తయారుచేయు ఎంజైములు తగ్గి, గింజ తేలికపడును. రైతునకు ఇది తెగులని గాని, నీటి ఎద్దడియని గాని తోచును, గాలియని తోచదు. పైరులలో గోధుమ, సోయా, పత్తి, పప్పుజాతులు దీనికి మిక్కిలి సుకుమారములు. వరి, మొక్కజొన్న కొంత ఓర్చును. తెలంగాణపు మెట్టసేద్యమున పత్తికిని కందికిని గల స్థానమును తలచినచో ఈ జాబితా మనకు శుభవార్త కాదు.

ఒక్క రాత్రిలో ముంచుకొని వచ్చిన విపత్తునకు దృష్టాంతము మన తీరముననే కలదు. 2020 మే 7వ తేది తెల్లవారకముందు విశాఖపట్టణ సమీపమున ఆర్.ఆర్. వెంకటాపురమున ఎల్.జి. పాలిమర్సు కర్మాగారమునుండి స్టైరీను ఆవిరి వెలువడి పన్నెండుగురిని బలిగొన్నది. ఆ ప్రాణనష్టము ముందు చెట్ల మాట చిన్నదే. అయినను కర్మాగారమునకు చేరువనున్న చెట్ల ఆకులు రంగు కోల్పోయి మాడిపోయిన తీరు ఈ విచారణకు ముఖ్యము. రాత్రివేళ పత్రరంధ్రములు చాలవరకు మూసియుండును. గంధకపు వాయువు అట్టివేళ చేయు హాని స్వల్పము. కాని స్టైరీను వంటి తైలస్వభావపు ఆవిరులు మైనములో కరగునవి; వానికి ఆకుమీది మైనపుపొర అడ్డు కాజాలదు. రంధ్రము మూసినంత మాత్రమున రక్షణ లేని విషములు కలవని దీనివలన తెలియుచున్నది.

లక్షణములను చదువుటలో తొందరపాటు తగదనుటకు మరియొక అనుభవము. 2021లో తెలంగాణమంతట వేపచెట్ల కొమ్మలు కొసలనుండి ఎండ మొదలిడినప్పుడు, గాలి చెడినదనియు, సెల్‌టవర్ల ప్రభావమనియు పలువురు పలువిధములుగా అనుకొనిరి. పరీక్షించిన వ్యవసాయ శాస్త్రజ్ఞులు ఫోమాప్సిస్ అను శిలీంధ్రమును, దానికి దారి తీయు టీ దోమను కారణములుగా చెప్పిరి. గాలిదోషమైనచో ఒక్క వేపకే ఎందులకు రావలెను? పొగ ఎక్కడనుండి వచ్చుచున్నదో ఆ దిక్కునకు తిరిగిన కొమ్మలు ఎక్కువగా, ఆవలివి తక్కువగా దెబ్బతినుట. మూలమునుండి దూరము పోయినకొలది గాయము తగ్గుట. ఒకేమారు పలుజాతులపై కనబడుట. ఈ మూడును కూడినప్పుడే గాలిని దోషిగా నిలబెట్టవలెను.

ఇప్పుడు ఓర్పు మాట. చెట్లు మూడు మార్గములు త్రొక్కినవి. విషమును లోనికి రానీయకుండుట మొదటిది. గన్నేరాకు అడుగున రంధ్రములు బయటికి కనబడవు. అవి చిన్న గుంటలలో, రోమముల నడుమ దాగియుండును. మర్రియాకుపై దళసరియైన మైనపుపొర కలదు. కొమురవెల్లి గుడిలో భక్తులు పట్నాలు వేసి మ్రొక్కుకొను గంగిరేగు చెట్టును చూడుడు: రేగు ఆకు పైవైపు నున్నగా మెరయుచుండగా, అడుగువైపు తెల్లని నూగు దట్టముగా క్రమ్ముకొని యుండును, ఆ నూగు క్రిందనే దాని రంధ్రములు. ఇవన్నియు నిజమునకు కరవునకు, ఎండకు చెట్లు యుగయుగములుగా చేసికొన్న ఏర్పాట్లు. పొగను తట్టుకొనుట వాని అనుషంగిక ఫలము. అందుచేతనే మన మెట్టసీమల చెట్లలో ఓర్పుగలవి పెక్కు.

వచ్చిన విషమును లోపల విరుచుట రెండవ మార్గము. ఏ విషమైనను కణములో చివరకు చేయునది ఒకటే: ప్రాణవాయువును దుడుకైన రూపములలోనికి మార్చి పొరలను, ఎంజైములను కాల్చుట. దీనిని శాంతింపజేయు పదార్థములలో ప్రధానమైనది ఆస్కార్బిక్ ఆమ్లము, అనగా ఉసిరికలో మనమెరిగిన విటమిన్ సి. 1996లో కాంక్లిన్ అను శాస్త్రజ్ఞురాలును, ఆమె తోడివారును ఓజోనునకు తాళలేని ఒక అరబిడాప్సిస్ మొక్కను పరిశోధించి, దానిలో ఆస్కార్బిక్ ఆమ్లము మామూలు మొక్కలో నుండుదానిలో మూడవ వంతునకు పడిపోయినదని చూపిరి. ఆ ఒక్క లోటుతో ఆ మొక్క ఓజోనుకే గాక గంధకపు వాయువునకును లోబడెను. ఈ పదార్థమును నిత్యము తయారు చేయుటకు చెట్టు తాను చేసికొన్న చక్కెరను వెచ్చింపవలెను. అంతమేరకు పెరుగుదల తగ్గును.

మూడవది పారవేయుట. ఆకు రాల్చు చెట్టు తాను పోగుచేసికొన్న గంధకమును, ఫ్లోరైడును, దుమ్మును ఆకుతోనే వదిలించుకొని క్రొత్తయాకు తొడుగును. ఏడాదికి మించి ఆకును నిలుపుకొను శీతలదేశపు సూదియాకు చెట్లు ఐరోపా కొలుముల పొగలో ముందుగా చచ్చుటకును, మన మోదుగ, వేప నిలద్రొక్కుకొనుటకును ఇదియొక కారణము. జాతియంతయు తరములలో ఓర్పు నేర్చుటయు కలదు: ఇంగ్లండున లాంకషైర్ సీమలోని హెల్మ్‌షోర్ వద్ద తరతరములుగా పొగలో పెరిగిన రైగడ్డి, బజారున కొన్న విత్తనపు రైగడ్డికంటె గంధకపు వాయువును ఎక్కువగా సహించుట 1970 దశకమున పరీక్షలలో తేలినది.

ఈ ఓర్పును అంకెలలో చెప్పుటకై కాశీ హిందూ విశ్వవిద్యాలయమునకు చెందిన సింగ్, రావు అను వారు 1983లో ఒక సూచికను ప్రతిపాదించిరి. ఆకు పత్రహరితమును, ఆకురసపు పి.హెచ్. అంకెను కూడి, ఆస్కార్బిక్ ఆమ్లముతో గుణించి, నీటిశాతమును చేర్చి, పదింట భాగింపవలెను. గడచిన నలువది యేండ్లలో మన దేశపు నగరములందు వెలువడిన పరిశోధనలలో పెక్కు ఈ సూచికను ఆశ్రయించినవే. రావి, మర్రి, మామిడి, వేప, కానుగ సాధారణముగ వాని పట్టికలలో పైవరుసన కనబడును. ప్రయోగశాలలో సులభముగా చేయదగినది, వెల తక్కువ, కళాశాల విద్యార్థులు సైతము చేయవచ్చును. దాని ప్రయోజనము కాదనరానిది. అయినను దానిని ఒకపరి విప్పి చూడవలసి యున్నది.

గ్రాము ఆకునకు ఆస్కార్బిక్ ఆమ్లము 5 మిల్లీగ్రాములు, పత్రహరితము 1.5 మిల్లీగ్రాములు, పి.హెచ్. 6, నీరు నూటికి 80 గల ఆకును ఊహింపుడు. 1.5కు 6 కూడగా 7.5, 5తో గుణింపగా 37.5, 80 చేర్పగా 117.5, పదింట భాగింపగా 11.75. ఈ 11.75లో 8 పాళ్లు ఒక్క నీటివే! ఉదయము కోసిన ఆకునకు, మధ్యాహ్నము వాడిన ఆకునకు అంకె మారును. జాతర నెలలలో నీరు కరవైన చెట్టు వానకాలపు చెట్టుకంటె ఓర్పులేనిదిగా కనబడును. ఇంకొక చిక్కు: పొగలో పెరిగిన ఆకు ఆత్మరక్షణకై ఆస్కార్బిక్ ఆమ్లమును పెంచుకొనియు ఉండవచ్చును, వెచ్చించి తగ్గించుకొనియు ఉండవచ్చును; ఒక్కమారు కొలిచిన అంకె ఆ రెంటిని వేరుచేసి చెప్పదు. ఎంత అంకె వచ్చినచో ఓర్పుగలదనవలెనో ఆ హద్దులు కూడ ఒక్కొక్క రచయిత ఒక్కొక్క విధముగ గీసికొన్నాడు. నైట్రోజను ఆక్సైడులు, ఓజోను, సిమెంటు, డీజిలు పొగ వేర్వేరు శత్రువులై యుండగా, అన్నింటికి ఒకే అంకె చాలుననుకొనుట నాకు సమ్మతము కాదు. ఒకే తోటలో, ఒకే దినమున, ఒకే వేళ కోసిన జాతులను తమలో తాము పోల్చుటకే దీనిని వాడవలెను. ఊరునకు ఊరునకు, ఋతువునకు ఋతువునకు పోల్చరాదు.

ఓర్పునకును ఉపకారమునకును గల భేదమును మరువరాదు. 2015 జూలై 3న చిలుకూరున ఆరంభమైన ప్రభుత్వపు హరితహార కార్యక్రమమున కోట్లకొలది మొక్కలు నాటబడినవి. రోడ్ల నడుమ, ఊళ్ల మొగదల విరివిగా నాటిన కోనోకార్పస్ దుమ్మును, ఎండను, నీటి ఎద్దడిని అద్భుతముగా తట్టుకొన్నది. ఓర్పు ఒక్కటే గుణమైనచో దానిని మించిన మొక్క లేదు. కాని పక్షికి పండు లేదు, పశువునకు నీడ లేదు, పుప్పొడివలన ఉబ్బసపు రోగులకు కీడన్న ఫిర్యాదులు వచ్చినవి, తుదకు దానిని నాటవద్దని ప్రభుత్వమే చెప్పవలసి వచ్చినది. నీలగిరి చెట్టు సంగతియు ఇట్టిదే: తాను పచ్చగనే యుండును, తాను వెలువరించు ఆవిరులతో వేసవి ఎండలో ఓజోను పుట్టుటకు తోడ్పడును. అటులే, దుమ్మును ఓర్చు ఆకు వేరు, దుమ్మును పట్టు ఆకు వేరు. నున్నని ఆకునుండి ధూళి జారిపోవును. గరుకైన టేకు ఆకు, నూగుగల ఆకు దానిని పట్టి నిలుపును.

ఈ దృష్టితో కొమురవెల్లి బాటలను చూచినప్పుడు, పట్టికలలో ఎచ్చటను చెప్పని ఒక చిక్కు ఎదురగును. దుమ్ము అత్యధికముగా లేచు జాతర నెలలే మన చెట్లు ఆకు రాల్చు నెలలు. మాఘ ఫాల్గుణములలో మోదుగ మోడై పూచును. వేప రాల్చి చిగుర్చును. రావియు ఇంచుమించు అప్పుడే. దుమ్మును పట్టవలసినప్పుడు వానికి ఆకు లేదు. ఉగాదినాటికి వచ్చు లేత చిగురులకు మైనపుపొర పూర్తిగా ఏర్పడి యుండదు, కావున ఏడాదిలో అవి మిక్కిలి సుకుమారముగా నుండు వేళ కూడ అదియే. విద్యుత్ కేంద్రపు ప్రక్కన ఏడాదిపొడుగునను పొగ ఓర్చి ఉత్తమమనిపించుకొన్న చెట్టు, ఆదివారపు జాతర బాటకు ఉత్తమము కానక్కరలేదు. ఇచ్చట చలికాలమంతయు నిండుగా ఆకు నిలుపు మర్రి, చింత, మామిడి, నేరేడు వంటివి వెనుకవరుసన నుండవలెను. వానిముందు, బండి పొగగొట్టపు ఎత్తున గన్నేరు, కాగితపుపూల తీగ వంటి గుబురులు దట్టముగా నుండవలెను. ఎత్తైన చెట్టు బోదె తప్ప ఆకు లేని ఆ ఎత్తుననే పొగ వెలువడుచున్నది గనుక. గన్నేరు విషపుమొక్క కనుక గొర్రెలు, మేకలు తిరుగు చోట దానికి బదులు వేరొకటి చూచుకొనవలెను. మల్లన్న భక్తులలో గొల్లకురుమలు ఎందరో చెప్పనక్కరలేదు.

నీటి సంగతి చివరిది కాని చిన్నది కాదు. ఎద్దడిలోనున్న చెట్టు రంధ్రములు మూసికొని పొగను తప్పించుకొనును, ఆకలితో నుండును. నీరు పోసిన చెట్టు తెరచుకొని పెరుగును, పొగయు పీల్చును. దుమ్మునకు మాత్రము ఈ నియమము లేదు. ట్యాంకరు నీటిని మొదలునకు పోయుటతో సరిపెట్టక, వారమునకొకసారి, ఆదివారము గడచిన సోమవారము ఉదయమున ఆకులపై చిమ్మినచో, కడిగిన ఆకు మరల ఎండను అందుకొనును. సిమెంటు ధూళి గల చోట ఈ పని మంచు పడక మునుపే చేయవలెను, పెచ్చు కట్టిన పిమ్మట చిమ్మినను ఫలము అల్పము. ఓర్పుగల చెట్ల వరుసలో అక్కడక్కడ ఓర్పులేని మొక్కలను కూడ నాటుట మంచిది. బాట అంచున గాలికి త్వరగా లొంగు పలుచనాకుల మొక్కలు కొన్నియున్నచో, పచ్చగా నిలిచిన మర్రి చెప్పని సంగతి వాని మాడిన అంచులు ముందుగా చెప్పును. సిద్దిపేట, చేర్యాల కళాశాలల వృక్షశాస్త్ర విద్యార్థులు పుష్యమున ఒకమారు, ఉగాది వెళ్లిన వారమున ఒకమారు, శ్రావణమున ఒకమారు అవే చెట్ల, అవే కొమ్మల ఆకులను ఉదయవేళ కోసి, దుమ్మును తూచి, ఆస్కార్బిక్ ఆమ్లమును కొలిచి, గుట్టకు మైలు దూరమున చేను నడుమనున్న అదే జాతి చెట్టుతో పోల్చినచో, ఈ బాటకు ఏ చెట్టు తగునో పరప్రాంతపు పట్టికలను అడుగనక్కరలేకుండ ఇచ్చటనే తేలును.